‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చివర్లో మైక్ మూలన ఎందుకు నిలబడ్డాడు?

రాత్రిషో:
నిన్న రాత్రి ఒక్కదాన్నే కూచుని చూశాను. ముగింపు చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. మంత్రగత్తె కథ మీద డాక్యుమెంటరీ తీయడానికి హెదర్, మైక్, జోష్ అనే ముగ్గురు విద్యార్థులు అడవికెళ్ళి దారి తప్పుతారు. ఆఖర్న హెదర్ కెమెరా పట్టుకుని ఒక పాడుబడ్డ ఇంటి నేలమాళిగలోకి దిగుతుంది. మైక్ మూలన గోడకేసి మొహం పెట్టి కదలకుండా నిలబడి ఉంటాడు. కెమెరా కింద పడుతుంది, సినిమా అయిపోతుంది. ‘ఇంతేనా’ అనుకున్నా. పడుకున్నాక మాత్రం కళ్ళు మూస్తే ఆ వీపే. మీకెలా అర్థమైంది?

గోదారిగట్టు:
మొదట్లో ఊరివాళ్ళు చెప్పేది మళ్ళీ వినండి. రస్టిన్ పార్ ఏడుగురు పిల్లల్ని చంపాడనీ, ఇద్దరిద్దర్ని కిందికి తీసుకెళ్ళి ఒకర్ని మూలకి తిప్పి నిలబెట్టి రెండోవాళ్ళని చంపేవాడనీ ఒకాయన చెబుతాడు. ఆ పిల్లల చూపు తన మీద పడటం భరించలేకపోయేవాడట. మైక్ మూలన ఉన్నాడంటే ఇక వంతు హెదర్‌దే. చిన్నప్పుడు బళ్ళో మమ్మల్నీ అలాగే గోడకేసి నిలబెట్టేవారు. వెనకాల ఏం జరుగుతోందో కనబడదు, చెవులు మాత్రం ఊరుకోవు. ఆ సీను నాకు అందుకే అంత తగిలింది.

మూడోవరుస:
నేను ఒప్పుకోను. ఇందులో మంత్రగత్తే లేదు. జోష్, మైక్ కలిసి హెదర్‌ని చంపారు. జోష్ ముందే మాయమయ్యాడు. మ్యాప్‌ని వాగులో పడేసింది మైకే, తనే ఒప్పుకున్నాడు. ఆఖర్న ఆ పాడుబడ్డ ఇంట్లోకి ముందుగా పరిగెత్తిందీ అతనే. హెదర్ వెనకాలే వస్తుందని అతనికి తెలుసు.

శబ్దగ్రాహి:
మూడోవరుస గారూ, ఒక్కసారి శబ్దం మీద మనసు పెట్టండి. ఆఖరి ఘట్టంలో రెండు కెమెరాలున్నాయి. హెదర్ చేతిలో 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్మ్ కెమెరా, మైక్ చేతిలో హై-8 వీడియో కెమెరా. ఫిల్మ్ కెమెరా బొమ్మ తీస్తుంది గానీ శబ్దం పట్టదు. అందుకే మనం హెదర్ కెమెరాలోంచి చూస్తున్నా, వింటున్నది మాత్రం కింద పడి ఉన్న మైక్ కెమెరాలోంచి. అరుస్తున్నది ఆమే, ఆ అరుపేమో ఎక్కడో దూరాన్నుంచి వస్తుంది. ఆమె మెట్లు దిగేకొద్దీ అది దగ్గరవుతుంది. కేకలు మన మీదికే వస్తున్నట్టుంటుంది. నా వృత్తి శబ్దంతోనే. ఇంత చవకగా, ఇంత భయంకరంగా పనిచేసిన శబ్దం నేను ఎక్కువ వినలేదు. పైగా మైక్ కెమెరా ఒక్క దెబ్బకి పడిపోయింది. ఎవరో కొట్టినట్టే ఉంది. హత్యలో అతను భాగస్థుడైతే అతన్ని కొట్టిందెవరు?

మూడోవరుస:
తనే పడేసి ఉండొచ్చు. లేదా జోష్ తోసి ఉండొచ్చు. కొట్టిన చెయ్యి మనకి కనబడలేదు కదండీ.

మేరీల్యాండ్‌వాసి:
ఒక సంగతి. ఆ మూల గురించిన మాట మొదట సినిమాలో లేదు. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించాక, కొనుక్కున్న ఆర్టిజాన్ సంస్థ ముగింపు అర్థం కావట్లేదని వేరే ముగింపులు తీయించింది. దర్శకులు డేనియల్ మిరిక్, ఎడ్వార్డో శాంచెజ్ పాతదే ఉంచి, ముందు ఆ ఇంటర్వ్యూ ముక్క కలిపారు. అంటే మొదటి ప్రేక్షకులకి దొరికింది ఆ వీపు ఒక్కటే. నాకైతే అదే నచ్చేది.

ఇంకోటి, అడవి సీన్లు ఎక్కువగా తీసింది కథ జరిగే ఊరు బర్కిట్స్‌విల్‌లో కాదు, మా ఇంటికి దగ్గర్లోని సెనెకా క్రీక్ పార్కులో. వారం వారం నడకకి వెళ్తాం. సినిమా చూశాక ఒక సాయంత్రం దారి తప్పి, వాగు మీద అడ్డంగా పడిన మాను ఒకటి చూసి నిజంగా కాళ్ళు వణికాయి. రోజంతా దక్షిణానికే నడిచి వాళ్ళు మళ్ళీ అదే దుంగ దగ్గరికి తేలతారు చూడండి, అదే గుర్తొచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళ కుట్ర ఆ సంగతిని ఎలా వివరిస్తుంది?

రాత్రిషో:
ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఖరి పది నిమిషాలు మళ్ళీ చూశాను. శబ్దగ్రాహి గారు చెప్పింది అక్షరాలా నిజం. హెదర్ మైక్ పేరే పెట్టి పిలుస్తోంది. అతను ఒక్కసారి కూడా తిరగడు. చంపేవాళ్ళలో ఒకడైతే కనీసం తల తిప్పడా?

మూడోవరుస:
మైలు మైలూ తనతో నడిచిన మనిషి పేరు పెట్టి పిలుస్తుంటే మొహం చూడలేకే అలా నిలబడ్డాడేమో. పార్ కూడా చూపు భరించలేకే కదా పిల్లల్ని గోడకి తిప్పింది.