"నీరము తప్తలోహమున..." తర్వాత 'పడి'యా, 'నిల్చి'యా?

పాదపూరణం
కొత్త గేమ్ ఒకటి మొదలుపెట్టాను. స్క్రీన్ మూలన వేడి అంకెలు కనబడేలా పెట్టుకున్నాను. ప్రాసెసర్ 92 దగ్గర ఆడుతోంది. అది చూడగానే ఎప్పుడో బడిలో అప్పజెప్పిన పద్యం నోట్లోకొచ్చింది. "నీరము తప్తలోహమునఁ బడి..." అంతే, అక్కడ ఆగిపోయింది. "అనామకమై నశించు" అని వస్తుందని గుర్తుంది గానీ, నడుమ "పడి" దగ్గర ఎక్కడో కాలు జారుతోంది. ఆ మాటేమిటి? పనిలో పని, 92 డిగ్రీలు "తప్త"మే అంటారా? కంప్యూటర్ కట్టేయాలా?

అరసున్న
"పడి" ఎలా కుదురుతుంది? ఉత్పలమాల అది. పదో అక్షరం యతి, పాదం మొదటి అక్షరంతో పొసగాలి. నీ-ర-ము-త-ప్త-లో-హ-ము-న, తొమ్మిది. పదోది "ని" కావాలి. "నిల్చి యనామకమై నశించు". "బడి" పెడితే యతి ఒక్కటే కాదు, అక్కడ రావాల్సిన భగణం (ఒక గురువు, రెండు లఘువులు) కూడా పోతుంది. బడిలో నేర్చుకున్నారు కాబట్టి బడి గుర్తుండిపోయిందేమో.

ఫ్యాన్‌మోత
మోడల్ చెప్పండి ముందు. ఇంటెల్ డెస్క్‌టాప్ కోర్ చిప్‌లలో చాలావాటికి హద్దు 100. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95, అదే వరుసలోని 7800ఎక్స్3డీకి 89. హద్దు తగిలితే చిప్ తనే వేగమూ వోల్టేజీ తగ్గించుకుంటుంది, కాలిపోదు. ఆటలో 60 నుంచి 80 దాకా ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

బండిర
"కాలిపోదు" అన్నారు చూడండి, సందేహమంతా అక్కడే ఉంది. నీళ్లు కాగుతాయి, ఇనుము కాలుతుంది. "కాలిన ఇనుము" అంటే వేడెక్కిన ఇనుమే, దానికేమీ కాలేదు. "కాలిన ప్రాసెసర్" అంటే మాత్రం పారేయాల్సిందే. "తప్త"కు తెలుగు వెతికితే ఒక్కో వస్తువుకు ఒక్కో క్రియ పట్టుకోవాలి. ప్రాసెసర్‌కి మనం ఇంకా క్రియ ఇవ్వలేదు.

గసడదవ
అరసున్న గారూ, యతి ఒప్పుకున్నాను. కానీ "నిల్చి" యతి కోసం తెచ్చిన మాటే అంటాను. కాలిన ఇనుము మీద బొట్టు నిలుస్తుందా? చుయ్యిమని పోతుంది. కవి అవస్థ అది.

అరసున్న
కవికి ఏ అవస్థా లేదు. ఈ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలోనే "సంతప్తాయసి సంస్థితస్య పయసః" అని ఉంది. సంస్థితం అంటే నిలిచి ఉన్నదే. మూలంలోని అర్థమూ తెలుగు యతీ ఒకే మాటలో కలిశాయి. దాన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి చేతి చలువ అది. పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి కూడా భర్తృహరిని తెలుగు చేశారు, అయినా జనం నాలుక మీద మిగిలింది ఈయనే. ఎందుకంటారు?

ఫ్యాన్‌మోత
నిలుస్తుందండీ, నిజంగానే నిలుస్తుంది. లోహం సుమారు 200 డిగ్రీలు దాటితే బొట్టు అడుగున పలచటి ఆవిరి పొర ఏర్పడుతుంది, బొట్టు దాని మీద తేలుతుంది. ఆ పొర వేడిని సరిగా పోనివ్వదు కాబట్టి చాలాసేపు అటూ ఇటూ దొర్లుతూ ఉంటుంది. 18వ శతాబ్దంలో లైడెన్‌ఫ్రాస్ట్ దీన్ని వర్ణించాడు, ఆయన పేరే పెట్టారు. 92 మీద అలా తేలదు, మరగనూ మరగదు, నింపాదిగా ఆరిపోతుంది.

గసడదవ
ఆగండాగండి. దొర్లుతుందా? ముత్యంలా? అయితే మొదటి పాదంలోనే రెండో పాదం వచ్చేసిందే! "నీరమె ముత్యమట్లు నళినీదళసంస్థితమై తనర్చు". తామరాకు మీదా ముత్యమే, బాగా కాలిన ఇనుము మీదా ముత్యమే. పద్యంలో ఇనుము మీద బొట్టు అధముణ్ణి కొలిచినవాడికి, తామరాకు మీదిది మధ్యముణ్ణి కొలిచినవాడికి పోలిక కదా, ఇక అధముడికీ మధ్యముడికీ తేడా ఏముంది?

బండిర
ఎంతసేపు నిలుస్తుందన్నది తేడా.
అది అలా ఉంచి, మూలంలోని "అయస్" ఇనుమే. తెలుగులో అది "లోహము" అయింది. ఈ "లోహ" శబ్దానికి సంస్కృతంలో రాగి అన్న అర్థం కూడా ఉంది. లోహితం అంటే ఎరుపు కదా, దాని చుట్టమే. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున చిప్‌ను తాకే పలక సాధారణంగా రాగిదే. అంచేత ప్రాసెసర్ విషయంలో సంస్కృతం కంటే తెలుగు పద్యమే గురిగా తగిలింది.

గసడదవ
బండిర గారు రాగి దాకా వచ్చారు, నేను దాని లోపలికి వెళ్తాను. నా వాదం "నశించు" మీద. సంస్కృత క్రియామూలాల పట్టిక ధాతుపాఠంలో "ణశ అదర్శనే" అని ఉంది, అంటే కనబడకపోవడం. నాశనమన్నది తర్వాత ముదిరిన అర్థం. కూలర్‌లో హీట్ పైపులుంటాయి చూడండి, మూసేసిన రాగి గొట్టాలు, లోపల కాసిన్ని నీళ్లు. గాలి తీసేసి ఉంటుంది కాబట్టి 100కి చాలా ముందే ఆ నీళ్లు చిప్ వైపు ఆవిరవుతాయి, రేకుల వైపు వెళ్లి మళ్లీ నీళ్లవుతాయి, గొట్టం గోడకున్న వత్తి లాంటి పొర పీల్చుకుంటూ వెనక్కి తెస్తుంది. తప్తలోహం మీద నీరు నశించింది, అంటే కనబడకుండా పోయింది, అంతే! చుక్క కూడా తగ్గలేదు.

అరసున్న
చమత్కారం బాగుంది. "నామాపి న జ్ఞాయతే" అన్నాడు మూలకారుడు, పేరు కూడా తెలియదని. మీ గొట్టంలో నీటికి పేరుంది, పనుంది, తిరుగు టికెట్ కూడా ఉంది. అది అనామకం ఎలా అవుతుంది?

ఫ్యాన్‌మోత
నాకు ఈ పద్యంలో నచ్చినది మూలంలోని చివరి మాట, "సంసర్గతో జాయతే". సంసర్గం అంటే తాకిడి, అంటుకుని ఉండటం. కూలింగ్ అంతా అదే! చిప్ మూతా కూలర్ అడుగూ చూడటానికి నున్నగా ఉంటాయి గానీ మధ్యలో సన్నని గాలి సందులుంటాయి. రాగి ఉష్ణవాహకత సుమారు 400, గాలిది 0.026. ఆ సందుల్లో పూసే మంచి థర్మల్ పేస్టుది 10కి అటూ ఇటూ. పేస్టు రాగికి పోటీ కాదు, గాలిని తరిమేయడానికి. అందుకే మందంగా పూస్తే నష్టం.
పాదపూరణం గారూ, ఒకటి గమనించండి. ఆట మొదలెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే ఎగబాకితే సంసర్గ దోషం: పేస్టు ఎండింది, మరలు సరిగా బిగియలేదు, లేదా కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించారు (నవ్వకండి, నేనూ చేశాను). పది నిమిషాలు మెల్లగా ఎక్కితే గాలి లోపం: దుమ్ము, ఫ్యాన్ దిశ, మూసుకుపోయిన కేసు. గది వేడెక్కితే ఆ మేరకు ఇదీ ఎక్కుతుంది. మోడల్?

బండిర
ఇక్కడే లక్ష్మణకవి దారి మార్చాడు. మూలంలో "సంసర్గం", తెలుగులో "గొల్చువారికిన్". సాంగత్యం కాస్తా కొలువైపోయింది. పక్కన కూర్చోవడానికీ కొలవడానికీ ఎంత దూరం! ఇది లోపమా, కావాలని చేసిందా?

గసడదవ
కావాలనే. కూలర్ చిప్‌ను కొలుస్తుంది, సమానంగా కూర్చోదు.
లక్ష్మణకవి అనగానే నాకు "తివిరి యిసుమునఁ దైలంబు" ఊరికే ఉండనివ్వదు. పట్టుబడితే ఇసుకలోనైనా నూనె తీయవచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం రంజింపజేయలేం అన్నాడాయన. మనవాళ్లు ఇసుకలోంచి సిలికాన్ తీసి ప్రాసెసర్ చేశారు. "తివిరి" అంటే పట్టుబట్టి, ప్రయత్నించి. ఆ ఒక్క మాటలో ఒక కర్మాగారం ఉంది.

అరసున్న
"ఇసుము", "ఇసుక" మీద వేరే చర్చ పెడదాం, నా దగ్గర చాలా సరుకుంది. "పడి" ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఇప్పుడు తట్టింది. మూడో పాదం: "శుక్తిలోఁ బడి మణిత్వము గాంచు". ముత్యపుచిప్పలో పడాల్సిన మాట జారి ఇనుము మీద పడింది.

పాదపూరణం
అదే! అక్కడిదే ఆ "బడి". అందరికీ దండాలు. ఫ్యాన్‌మోత గారూ, ఆలస్యానికి మన్నించండి, 7800ఎక్స్3డీ.

ఫ్యాన్‌మోత
దానికి 92 ఎలా వస్తుందండీ? 89 దగ్గరే వెనక్కి తగ్గాలి. ఆ వరుస మొదట్లో ఏ అక్షరాలున్నాయో చూసి చెప్పండి.

పాదపూరణం
...జీపీయూ హాట్‌స్పాట్ అని ఉంది. సీపీయూ, అంటే ప్రాసెసర్, కింది వరుసలో ఉంది. 71.

గసడదవ
చకారానికి జకారం! సరళాదేశం!

అరసున్న
"సీ"లో ఉన్నది సకారం. సరళాదేశం దానికి పట్టదు.

ఫ్యాన్‌మోత
71కి నిశ్చింతగా ఆడుకోండి. హాట్‌స్పాట్ అంటే గ్రాఫిక్స్ కార్డు చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు, దాని లెక్క వేరు, ఆ కార్డు మోడల్...

గసడదవ
సరే, గసడదవాదేశం తీసుకోండి, చకారానికి సకారం. నా పేరే అది.

అరసున్న
అక్కడ చకారం ఎక్కడుందండీ మొదట?