మిస్సయిన హియరింగ్, డిపోర్టేషన్ ఆర్డర్: కేసు తిరగదోడొచ్చా?

అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టు వ్యవహారాల్లో అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పగలరా?

మా బావగారికి మొదట వచ్చిన కోర్టుకు హాజరవమని చెప్పే నోటీస్ టు అపియర్‌లో తేదీ, సమయం లేవు. కొన్ని నెలలకు తేదీ వేసిన ఇంకో కాగితం పాత ఇంటి అడ్రస్‌కి వెళ్లింది. ఆయన అప్పటికే ఇల్లు మారారు. అడ్రస్ మారితే ఐదు పనిదినాల్లోపు కోర్టుకు ఫారం ఇవ్వాలట, ఆ సంగతే తెలీదు. (తెలిసినా ఇచ్చేవారని నాకు నమ్మకం లేదు, అది వేరే విషయం.) ఆయన లేకుండానే జడ్జి ఆర్డర్ ఇచ్చేశారు.

2018లో పెరీరా, 2021లో నిజ్-చావెజ్ కేసుల్లో, తేదీ లేని నోటీసు, డిపోర్టేషన్ రద్దు కోరడానికి కావాల్సిన పదేళ్ల నివాసం లెక్కను ఆపదని సుప్రీంకోర్టు చెప్పింది. అది చదివి సంబరపడ్డాం. కానీ 2024 జూన్‌లో కాంపోస్-చావెస్ కేసులో 5-4 తేడాతో వేరే మాట చెప్పింది: తర్వాత హియరింగ్ నోటీసు సరిగ్గా ఇచ్చి ఉంటే, మొదటి నోటీసులో తేదీ లేదన్న కారణంతో ఆర్డర్ రద్దు చేయరట.

నా సందేహం ఇక్కడే. రెండోది అసలు చేతికే అందలేదు కదా, అది "ఇచ్చినట్టే" అవుతుందా? నోటీసు అందలేదంటే ఎప్పుడైనా మోషన్ (కేసు తిరిగి తెరవమనే దరఖాస్తు) వేయొచ్చు, రాలేకపోవడానికి అసాధారణ కారణాలైతే 180 రోజులే గడువు అంటున్నారు. ఆర్డర్ వచ్చి ఐదు నెలలైంది, అందుకే టెన్షన్. రెండు కారణాలూ ఒకే మోషన్‌లో పెట్టినవాళ్లున్నారా? మోషన్ వేస్తే జడ్జి తేల్చేదాకా స్టే (డిపోర్టేషన్‌కి తాత్కాలిక నిలుపుదల) దానంతటదే వస్తుందట, మరి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో చెక్-ఇన్‌కి వెళ్లేటప్పుడు ఏ కాగితాలు చూపించారు?