నెరవేరని ప్రవచనానికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

అన్వేషి:
అందరికీ వందనాలు. మాకు ఏడాదిలోగా సంతానం కలుగుతుందని, ఇది ఆత్మ పలికిస్తున్న మాట అని మా సహవాసంలో ఒకాయన అందరి ముందూ చెప్పారు. ఏడాది దాటింది. అడిగితే "మీ విశ్వాసం చాలలేదు" అన్నారు. అప్పటి నుంచి నా భార్య కూడికలకు రావడం లేదు. ప్రవచన వరం అపొస్తలులతోనే ఆగిపోయిందని కొందరంటారు. సంఘ చరిత్ర చదివినవాళ్లు ఏమంటారు?

బెరయ పాఠకుడు:
ఆగిపోయింది. అపొస్తలులూ ప్రవక్తలూ పునాది అని ఎఫెసీ 2:20 చెబుతోంది. పునాది ఒక్కసారే వేస్తారు. రెండో శతాబ్దంలోనే ఫ్రుగియలో (నేటి టర్కీలో) ఆత్మ తనలో పలుకుతోందంటూ మోంటానస్ బయలుదేరాడు. అతనితో ఉన్న మాక్సిమిల్లా, తన తర్వాత ప్రవక్తలు ఉండరు, యుగాంతమే అన్నదని నాలుగో శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ రాశాడు. ఆమె పోయి 1,800 ఏళ్లు దాటింది. ఆ తర్వాత అమెరికాలో క్రీస్తు రాకకు, లోకాంతానికి తేదీలు చెప్పినవాళ్లు: 1844కు విలియం మిల్లర్, మొన్న 2011కు హెరాల్డ్ క్యాంపింగ్. ఇంకెన్ని కావాలి?

పాత దస్తరం:
బ్రదర్, మీరు చెప్పిన చివరి ఇద్దరూ మీ వాదనకే అడ్డం తిరుగుతారు. మిల్లర్ ప్రవచన వరం మీద ఆధారపడలేదు. దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని లెక్క కట్టాడు. క్యాంపింగ్ అయితే దర్శనాలూ భాషలూ ఇప్పుడు లేవనే బోధించాడు, అచ్చం మీలాగే. వరం ఆగిందని నమ్మినంత మాత్రాన తేదీల పిచ్చి ఆగదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది, అనాబాప్టిస్టులనే తీవ్ర సంస్కరణవాదులు చేజిక్కించుకున్న జర్మనీ పట్టణం మున్‌స్టర్. 1534 ఈస్టరుకు లోకానికి తీర్పు వస్తుందని అక్కడ వాళ్ల ప్రవక్త యాన్ మాథిస్ చెప్పాడు. ఆ రోజే కొద్దిమందితో, ఊరిని ముట్టడించిన బిషప్ సైన్యం మీదికి వెళ్లి చచ్చిపోయాడు. ప్రవచనం అక్కడే తప్పిపోయింది కదా? అయినా ఊరు ఆగలేదు. లైడెన్ యాన్ ఆ స్థానంలోకి వచ్చాడు, రాజునన్నాడు, బహుభార్యత్వం తెచ్చాడు. 1535 జూన్‌లో పట్టణం పడిపోయేదాకా ఆకలితో చచ్చింది మామూలు విశ్వాసులే. నిలదీసేవాడు అంతకుముందే లేకుండా పోయాడు: మాథిస్‌కు ఎదురు మాట్లాడిన ఒక కమ్మరిని చంపేశారు.

"ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను" అన్న 1 కొరింథీ 14:29లో రెండో సగాన్ని మూసేస్తే జరిగేది ఇదే. వరం ఉందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న.

దీపస్తంభం:
వివేచన పేరుతో ఆత్మను ఆర్పేవాళ్లూ ఉన్నారు సార్. ఆత్మలో పలికే ప్రవక్తను పరీక్షించవద్దని డిడకే (తొలి సంఘపు బోధల చిన్న పుస్తకం) స్పష్టంగా అంటుంది. పైగా 40 రోజుల్లో నీనెవె పట్టణం కూలుతుందని యోనా అన్నాడు, అది కూలలేదు. యోనా అబద్ధ ప్రవక్తా?

పాత దస్తరం:
డిడకే మాట నిజమే, నేను దాచను. కానీ అదే అధ్యాయంలో ప్రవక్తను నడతను బట్టి తెలుసుకోమంది. మూడు రోజులు తిష్ట వేస్తే, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త అంది. యోనా చెప్పింది హెచ్చరిక, వాళ్లు మారుమనస్సు పొందారు, దేవుడు కనికరించాడు. అన్వేషి గారికి చెప్పింది వాగ్దానం. అది తప్పితే ద్వితీయోపదేశకాండము 18:22 వేలు చూపించేది చెప్పినవాడి వైపు. విన్నవాడి విశ్వాసాన్ని అక్కడ ఎవరూ కొలవలేదు. క్యాంపింగ్ సైతం 2012 మార్చిలో, తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. మీ సహవాసంలో ఆయన ఆ పాటి కూడా చేయలేదు.

బెరయ పాఠకుడు:
క్యాంపింగ్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఎఫెసీ 2:20 మీద మాత్రం నా మాట మారలేదు.

అన్వేషి:
18:22 నా భార్యకు చదివి వినిపించాను. "మరి ఈ మాట మన పెద్దలకు తెలియదా?" అంది. ఆదివారం ఇదే అడుగుతాను, ఆయన ముందే.