అనంతగిరి గుట్టలకు వెనక టైరు ఏది వేయాలి?

నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ సైకిల్), నా బరువు 72 కిలోలు. ఎండాకాలం అక్కడి ఎర్ర మొరం మీద గులకరాళ్ళు జారుతాయి, వాన పడితే అంతా బురద. పోయిన ఆదివారం దిగుడులో వెనక బ్రేక్ పట్టగానే చక్రం పక్కకు కొట్టుకుపోయి మోచెయ్యి చెక్కుకుపోయింది. చూస్తే 2.25 అంగుళాల వెడల్పు టైరు నడిమి గుబ్బలు అరిగి అరచేయిలా నున్నగా ఉన్నాయి. దిగాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాక్సిస్ మినియన్ డీహెచ్‌ఆర్ 2, 2.4 వెడల్పుది వేయండి. నడిమి గుబ్బలు అడ్డంగా, తెడ్డుల్లా ఉంటాయి. వదులు మట్టిలో బ్రేక్ పట్టు బాగా దొరుకుతుంది. తారు రోడ్డు మీద మాత్రం బరువుగా లాగుతుంది. హైదరాబాద్ నుంచే తొక్కుకుంటూ వెళ్తే మాక్సిస్‌దే రెకాన్ టైరు నయం, కానీ బురదలో అంత పట్టు ఉండదు.

జవాబు: ముందు ఫ్రేమ్‌లో 2.4 పడుతుందో లేదో కొలవండి అన్నా. బురద అంటుకుంటే రాసుకుంటుంది. గాలి ఎంత పెడుతున్నారు?

ట్యూబ్‌తో 40 పీఎస్‌ఐ.

జవాబు: చాలా ఎక్కువ, అందుకే రాళ్ళ మీద ఎగురుతోంది. 30కి దించండి. ఇంకా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే 25 దాకా వెళ్ళొచ్చు.

ఈ ఆదివారం 30తో దిగి చూసి చెప్తాను. టైరు ఎలాగూ మార్చేస్తున్నాను.