లీడింగ్, ట్రాకింగ్, కెర్నింగ్: తెలుగు టెక్స్ట్‌కి ఎలా పెట్టాలి?

అన్నలూ, యూఐ డిజైన్ (యాప్ స్క్రీన్ల డిజైన్) ఈమధ్యే మొదలుపెట్టా. ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో తెలుగు న్యూస్ యాప్ స్క్రీన్ చేస్తుంటే మా సీనియర్ చూసి లీడింగ్ చాల్లేదు, ట్రాకింగ్ తీసెయ్, కెర్నింగ్ జోలికి పోకు అని కామెంట్లు పెట్టారు. మూడూ గ్యాప్ గురించే కదా, తేడా ఏంటి? ఇంగ్లీష్ 16 సైజుకి 20 లైన్ హైట్ పెడితే బానే ఉంది, తెలుగు పెట్టగానే ఒక లైను ఇంకో లైనుకి తగిలేస్తోంది.

రిప్లై 1
లీడింగ్ అంటే లైనుకీ లైనుకీ మధ్య దూరం తమ్ముడూ, ఫిగ్మాలో లైన్ హైట్ అని ఉండేది అదే. ట్రాకింగ్ మొత్తం టెక్స్ట్‌కి అక్షరాల మధ్య ఒకేలా ఇచ్చే గ్యాప్, అక్కడ లెటర్ స్పేసింగ్ అని ఉంటుంది. కెర్నింగ్ మాత్రం ఒక జత అక్షరాలకే, ఇంగ్లీష్‌లో A పక్కన V వస్తే దగ్గరికి జరుపుతారు చూడు, అది. అది ఫాంట్‌లోనే సెట్ చేసి వస్తుంది కాబట్టి లోగోకో పెద్ద హెడ్డింగ్‌కో తప్ప ముట్టుకోనక్కర్లేదు.

ఇక తగలడం అంటావా, "రాష్ట్రం" అని టైప్ చేసి జూమ్ చెయ్. ష కింద ట వత్తు, ర వత్తు రెండూ దిగుతాయి, కింద లైన్లో సరిగ్గా అక్కడే "కీ" వచ్చిందంటే దాని గుడిదీర్ఘం పైకి లేచి వత్తుకి గుద్దుకుంటుంది. ఇంగ్లీష్‌కి ఈ బాధ లేదు. 16కి 26 నుంచి 28 పెట్టు, నేనైతే అంతకు తగ్గను.

రిప్లై 2
ట్రాకింగ్ గురించి ఒక మాట. ఇంగ్లీష్‌లో అన్నీ క్యాపిటల్స్ పెట్టినప్పుడు గ్యాప్ ఇస్తారు, అదే అలవాటుతో తెలుగు హెడ్డింగులకీ ఇచ్చేస్తున్నారు. మనకి క్యాపిటల్సే లేవు, గ్యాప్ ఇస్తే పదం ముక్కలైపోతుంది అంతే, సున్నా ఉంచండి దయచేసి. ఫాంట్ కూడా చూసుకోండి, రామభద్ర హెడ్డింగ్‌కి బాగుంటుంది కానీ చిన్న సైజులో వత్తులు పూడుకుపోతాయి, బాడీకి, అంటే హెడ్డింగ్ కింది మ్యాటర్‌కి, మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి.

రిప్లై 3
నాది ప్రింట్ పని. ఇన్‌డిజైన్‌లో (ప్రింట్ పేజీలు చేసే సాఫ్ట్‌వేర్) వత్తులు విడిపోయి కనిపిస్తే అది స్పేసింగ్ సమస్య కాదు, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టండి, కలుస్తాయి. అను ఫాంట్స్‌లో కొట్టిన మ్యాటర్ యాప్‌లో నేరుగా పేస్ట్ చెయ్యొద్దు, అది యూనికోడ్ (ఫోన్లూ యాప్‌లూ అన్నీ వాడే అక్షరాల కోడ్) కాదు, పిచ్చి గుర్తులొస్తాయి, ముందు కన్వర్ట్ చేసుకోవాలి.

అడిగినవాడు
థాంక్స్ అన్నా, 28 పెట్టా, తగలట్లేదు. కానీ బటన్ మీద "నమోదు చేస్కోండి"లో స కింద క వత్తు సగం కట్ అవుతోంది?

రిప్లై 1
బటన్ ఎత్తు ఫిక్స్ చేసుంటావ్. అది తీసేసి ఆటో లేఅవుట్‌లో పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇవ్వు, టెక్స్ట్‌ని బట్టి అదే పెరుగుతుంది. డెవలపర్‌కి కూడా చెప్పు, కోడ్‌లో ఎత్తు ఫిక్స్ చేస్తే మళ్లీ ఇదే గొడవ.