తీరిక లేనివాళ్లు నాటకం, బొమ్మ, పాట ఎప్పుడు చూస్తారు, వింటారు?

ప్రశ్న:
హైదరాబాద్‌లో పెళ్లికార్డులు, పుస్తకాల అట్టలు డిజైన్ చేస్తాను. పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే రాత్రి పదకొండు దాటుతుంది. నాటకం చూసి రెండేళ్లయింది. ఈమధ్య ఏ కార్డు చేసినా పోయిన నెల చేసినదానిలాగే వస్తోంది. అదే నా టెన్షన్. మీరంతా ఎలా కుదుర్చుకుంటున్నారు?

జవాబు 1:
సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక్క గది చూసి వచ్చేయండి. అంతా చూడాలనుకుంటే ఎప్పటికీ కుదరదు. శుక్రవారం సెలవు. పన్నెండుకి కాస్త ముందే గడియారం దగ్గర కూర్చోండి, బుల్లి బొమ్మ బయటికొచ్చి గంటలు కొడుతుంది.

జవాబు 2:
నేను శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ గీస్తానండీ. నాకు చూడటం, పని చేయడం వేరువేరుగా అనిపించవు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతాం. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానేస్తే వచ్చే రంగులో వెదురు కలం ముంచి గీస్తాం. గీత కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. ఎన్నేళ్లయినా ఆ క్షణం నాకు పాతబడలేదు. గుడ్డ ఆరేలోపు రేడియోలో హరికథ వింటాను. పొద్దున వీధిలో నడుస్తూ ముగ్గులు చూస్తాను, చుక్కల లెక్కతో సహా. మా పక్కింటి పెద్దమ్మ మెలికల ముగ్గు మూల తిప్పే తీరే మొన్న నా చీర అంచులోకి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అండీ, మా గేటు ముందు రోజూ ముగ్గు ఉంటుంది, ఒక్కసారీ వంగి చూడలేదు. రేపు చూస్తాను. మ్యూజియం గురువారం.