వంతెన కూలినప్పుడు రాజకీయ బాధ్యతను ఎక్కడి నుంచి లెక్కించాలి?

2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యు రహదారి వంతెన కూలి 13 మంది మరణించినప్పుడు, రహదారులు, వంతెనల నిధుల కోసం ప్రతిపాదించిన ఇంధన పన్ను పెంపును వీటో చేసిన ఆ రాష్ట్ర గవర్నర్ టిమ్ పాలెంటీని ప్రత్యర్థులు నిందించారు. అయితే దూలాలను కలిపే ఉక్కు పలకలు 1960లలో రూపకల్పన నాడే ఉండవలసిన మందంలో సుమారు సగమే ఉన్నాయని, కూలిన రోజు వంతెనపై పోసి ఉన్న మరమ్మతు సామగ్రి బరువు కూడా వాటిపై పడిందని జాతీయ రవాణా భద్రతా మండలి 2008లో తేల్చింది. మూలదోషం నలభయ్యేళ్ల నాటిదైనప్పుడు నిందంతా అప్పటి పాలకుడిపైనే మోపడం నాకు మరీ సులువైన తీర్పుగా తోస్తుంది. కానీ కూలడానికి ఏళ్ల ముందు తీసిన ఫోటోలలోనే ఆ పలకలు వంగి కనిపించాయన్న సంగతి నన్ను మళ్లీ సందేహంలో పడవేస్తోంది. రూపకర్త పొరపాటును, తనిఖీ వైఫల్యాన్ని, నిధుల కోతను విడదీసి, వాటిలో రాజకీయ నాయకులు జవాబు చెప్పవలసినది ఎంతో నిర్ణయించే పద్ధతి ఏదైనా ఉంటే, తెలిసినవారు దయచేసి వివరించగలరా?